బొగ్గుపెళ్లకు చార ఎటు ఉంది

అక్క పోయిందన్న కబురు నాకు గోడ అవతలి నుంచి రాలేదు. ఇన్నేళ్లూ మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. చింతపండు అయిపోయిందన్నా, చుట్టాలొచ్చారన్నా, బడికి సెలవు పెడుతున్నానన్నా ఆ గోడ మీంచే చెప్పుకునేవాళ్లం. ఈ ఒక్క మాట మాత్రం ఖమ్మం వెళ్లి చుట్టు తిరిగి వచ్చింది. తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే నా కూతురు ఫోన్ చేసింది. "అమ్మా, పెద్దమ్మ పోయింది" అని ఏడ్చింది.

నేను మొదట అడిగింది ఏమిటో తెలుసా? "నీకెవరు చెప్పారే?" అని. చెప్పడమేమిటి, అది అక్కడే ఉంది. ఖమ్మంలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని దానికి. అక్కను చేర్పించిన దవాఖానా వాళ్ల వీధి చివరే. మంచం పక్కన కూర్చున్నది అదే, చివరి గుక్క నీళ్లు పోసింది అదే. న్యాయంగా ఆలోచిస్తే దానికే ముందు తెలియాలి. కానీ చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడ్డ మనిషి న్యాయంగా ఆలోచించదు. గోడ పక్కనున్న నాకంటే ముందు నా కూతురికి తెలిసిందన్నదే నాకు తగిలింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలు రాస్తారు. నేనూ రాస్తాను. కానీ ముందు ఒక మాట చెప్పేస్తాను, నాకు ఆవిడంటే కుళ్లు. ఉండేది అనడం లేదు, ఇప్పటికీ ఉంది. కళ్లు తుడుచుకుంటూనే కుళ్లుకుంటున్నాను. మీరేమైనా అనుకోండి.

అక్క అంటే తోడబుట్టింది కాదు. జూలూరుపాడు దాటి అడవి అంచుకు వచ్చే ఊళ్లో, హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఆవిడ బయో సైన్స్ చెప్పేది. నాకంటే పెద్దది, నాకంటే ముందే ఆ బడికి వచ్చింది, ఈమధ్యనే రిటైరైంది. పుట్టింది ఇల్లందులో. తండ్రి బొగ్గుబాయిలో పని చేశాడు. నాది ఎర్రుపాలెం. మా మాట కాస్త ఆంధ్రా వైపుకి వంగి ఉంటుంది. నేను "ఏంటి" అంటాను, ఆవిడ "ఏంది" అనేది. నా కడుపున పుట్టిన పిల్ల ఏమంటుందనుకున్నారు? "ఏంది" అంటుంది. ఊరు నేర్పిందని మా ఆయన సర్దిచెబుతాడు. ఊరు కాదు, గోడ అవతలావిడ నేర్పింది.

ఆవిడకు పిల్లలు లేకపోతే పోనీ అనుకునేదాన్ని. చెట్టంత కొడుకులు ఇద్దరున్నారు, ఇద్దరూ బొగ్గు పనుల్లోనే కుదురుకున్నారు. అయినా ఆవిడకు నా కూతురు కావలసి వచ్చింది. పోనీ, నా కూతురికి ఆవిడ కావలసి వచ్చిందేమో. ఎవరు ఎవరిని లాక్కున్నారో నాకు ఇప్పటికీ తేలలేదు.

మొదలైంది ఒక గుట్టతో. పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడు జీర్ణక్రియ పాఠంలో ఎంజైముల గురించి చదువుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఎంజైము ఉంటే చర్య తొందరగా అవుతుందంటారు, ఎందుకు అవుతుంది అని అడిగింది. అబ్బ, ఎంత సంబరపడ్డానో! బయో సైన్స్ ప్రశ్నకు జవాబు నా సబ్జెక్టులో ఉంది మరి. కాగితం తీసి గుట్ట గీశాను. ఇటువైపు తిన్న పిండిపదార్థం, అటువైపు చక్కెర. మధ్యలో గుట్ట. ఆ గుట్ట ఎక్కడానికి కావలసిన శక్తి పేరు ఉత్తేజన శక్తి. ఎక్కితే అటువైపు దానంతటదే దిగిపోతుంది. ఎంజైము వచ్చి ఆ గుట్ట ఎత్తు తగ్గిస్తుంది. చుక్కల గీతతో చిన్న గుట్ట కూడా గీసి, గర్వంగా దాని మొహంలోకి చూశాను.

"గుట్ట తగ్గిందంటే ఎవరు తవ్విన్రు?" అంది.

ఓపెన్ కాస్ట్ గనులు చూసి పెరిగిన పిల్ల కదా, గుట్ట అంటే దానికి తవ్వేదే. "అది నిజం గుట్ట కాదే, లెక్క కోసం గీసింది" అన్నాను. "లెక్కల గుట్టయితే లెక్కల తగ్గాలె గని కడుపుల ఎట్ల తగ్గుతది?" అంది. నాకు ఒళ్లు మండింది. గట్టిగానే అన్నాను ఏదో. అది కాగితం మడిచి, చెప్పులు కూడా వేసుకోకుండా గోడ అవతలికి వెళ్లిపోయింది.

నేను గోడ ఇవతల తులసి కుండీకి నీళ్లు పోస్తూ నిలబడ్డాను. కుండీ నిండి నీళ్లు పొర్లిపోయినా పోస్తూనే ఉన్నాను, మాటలు వినపడాలి కదా.

అక్క ఇల్లందు వెళ్లినప్పుడల్లా క్లాసు కోసం ఒక బొగ్గుపెళ్ల తెచ్చుకునేది. అది తీసి అరుగు మీద పెట్టినట్టుంది, చప్పుడైంది.

"దీంట్ల మంట ఉన్నదా లేదా బిడ్డా?" అంది అక్క.

"ఉన్నది."

"మరి గిట్ల పడి ఉన్నది, ఎందుకు మండుత లేదు?"

"అగ్గి పెట్టలే గదా."

"అవ్. మండనీకి ముందుగాల జర వేడి ఇయ్యాలె. మా అమ్మ పొద్దుగాల కట్టెపుల్లలు పెట్టి, కిరసనాయిలు పోసి, ఊదీ ఊదీ కండ్లల్ల నీళ్లు పెట్టుకునేది. గా కష్టమే మీ అమ్మ గీసిన గుట్ట. మంచిగ గీసింది. ఇగ చూడు, నువ్వు తిన్న అన్నంల గూడ మంట ఉన్నది. కడుపుల కట్టెపుల్లలు పెడ్తవా?"

పిల్ల నవ్వింది. నేను చెప్పినంతసేపూ నవ్వని పిల్ల.

తర్వాత సుత్తి చప్పుడు వినపడింది. బొగ్గుపెళ్లను పగలగొట్టమని దాని చేతికిచ్చినట్టుంది. ఇది కొట్టింది, పగల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది, సుత్తి ఎగిరిపడింది. అప్పుడు అక్క అంది, "బలం పెంచుడు కాదే, తిప్పి పెట్టు. బొగ్గుకు చార ఉంటది. చార ఎటున్నదో చూసి పట్టుకో. మా నాయిన గిట్లనే పట్టుకునేటోడు." ఇంకో చప్పుడు, చాలా చిన్నది. పిల్ల "అయ్యో!" అని అరిచింది. పగిలిందన్నమాట.

"ఎంజైము గిదే చేస్తది. బలమియ్యదు, వేడి ఇయ్యదు. తన మీదికొచ్చినదాన్ని పట్టుకొని, విరిగే తావు పైకొచ్చేటట్టు తిప్పి పెడ్తది. గప్పుడు మన ఒంట్ల ఉన్న వేడే సాలు. గుట్టను ఎవ్వరు తవ్వలే. ఎక్కే కష్టం తగ్గింది, గంతే. పని అయినంక దాన్ని ఇడిచిపెట్టి ఇంకోదాన్ని పట్టుకుంటది. దేనికి సరిపడే ఎంజైము దానికే ఉంటది, అందరికి ఒకటే చెయ్యి సరిపడదు."

పిల్ల నల్లబడ్డ చేతులతో తిరిగి వచ్చింది. "అమ్మా, నువ్వు గీసిన గుట్ట కరెక్టేనట" అంది. నా సబ్జెక్టులో నాకు పాస్ మార్కులు గోడ అవతలి నుంచి వచ్చాయి! పళ్లు నూరుకుంటూ దాని చేతులు కడిగాను.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ అక్కడే. అక్కకు ఒక అలవాటుండేది. అన్నానికి కూర్చోగానే కూర కలపకుండా ఒక ముద్ద వట్టి అన్నం నోట్లో పెట్టుకుని, తీపి వచ్చేదాకా నమిలేది. నోట్లోని ఎంజైముకు ముందు దండం పెట్టుకోవాలనేది. నా కూతురు ఆ అలవాటు పట్టుకుంది. నేను చెమటలు కక్కుతూ పుంటికూర పప్పు వండి వడ్డిస్తే, అది కళ్లు మూసుకుని వట్టన్నం నములుతూ కూర్చునేది. "తీపి వచ్చింది" అని కళ్లు తెరిచేది. పప్పు ఎలా ఉందో చెప్పేది కాదు. ఆ ముద్ద అయ్యేదాకా పప్పు గిన్నె మీద మూత తీసేదాన్ని కాదు నేను, కావాలనే.

నన్ను అడిగితే అక్క బాగా చెప్పేది కాదు. పాఠం వరసగా నడిచేది కాదు, బోర్డు మీద అక్షరాలు కిందికి జారిపోయేవి. అయినా పిల్లలు ఆవిడ క్లాసుకే పరిగెత్తేవారు. ఇప్పపూల కాలంలో అడవి పల్లెల పిల్లలు తెల్లారకముందే పూలేరడానికి వెళ్లి, ఆలస్యంగా బడికొచ్చేవారు. నా క్లాసులో కునికేవారు. ఆవిడ క్లాసులో మాత్రం తడి ఇప్పపూలు కుండలో పెడితే వాసన ఎందుకు మారుతుందో వాళ్లే చెప్పేవారు. వాళ్ల ఇంటి భాషలో దాన్ని ఏమంటారో ఆవిడ అడిగి నేర్చుకునేది. అందులో నాలుగు మాటలు నాకూ నేర్పబోయింది. నేను నేర్చుకోలేదు. ఆవిడ దగ్గర నేర్చుకోవడమా!

సైన్స్ డే నాడు మాత్రం నా రోజు వచ్చిందనుకున్నాను. ఇద్దరం చెరో టేబుల్ పెట్టాం. పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడే ఇద్దరిదీ. ఊరికే సీసాలో ఉంటే అది నెలల తరబడి మెదలకుండా ఉంటుంది. దానిలో సబ్బు నీళ్లు కలిపి, నేను మాంగనీస్ డై ఆక్సైడ్ అనే నల్లపొడి వేస్తాను. అక్క పచ్చి మేక కార్జం ముక్క వేస్తుంది. నాది రాతిపొడి, ఆవిడది కార్జంలోని ఎంజైము. రెండూ చేసేది గుట్ట తగ్గించడమే. నురగ పొంగాలి. ఎవరిది ఎక్కువ పొంగుతుందో చూడటానికి తల్లిదండ్రులు, పై ఆఫీసరు, సగం ఊరు వచ్చి నిలబడ్డారు. నా కూతురు ఎవరి టేబుల్ దగ్గర నిలబడిందో మీరే ఊహించుకోండి.

నేను పొడి వేశాను. బుస్సుమని నురగ గాజు గొట్టం దాటి బల్ల మీదకు పొర్లింది. చప్పట్లు కొట్టారు. అక్క కార్జం ముక్క వేసింది. ఏమీ కాలేదు. ఇంకో ముక్క వేసింది. ఒక్క బుడగ కూడా రాలేదు. నా గుండెల్లో ఎంత చల్లగా ఉందో చెప్పలేను. నా కూతురు మొహం చూశాను. దాని కళ్లలో నీళ్లు నిండాయి, నా నురగ వైపు చూడనే లేదు.

అక్క ముక్కను వేళ్లతో నొక్కి చూసి, బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వను కేకేసింది. "అవ్వా, కార్జం ఏం చేసినవ్?"

"ఏం చేస్త బిడ్డా? ఉడకబెట్టిన. పసుపు గూడ ఏసిన. పిల్లగాండ్లు పచ్చి కార్జం ముట్టుకుంటే రోగాలు రావా?" అంది అవ్వ.

జనమంతా ఘొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే, పొట్ట పట్టుకుని. తర్వాత నా కూతురిని వంటగదికి పంపి పచ్చి ఆలుగడ్డ తెప్పించింది. చిన్న ముక్కలు కోసి వేసింది. సన్నగా, నిదానంగా నురగ లేచింది. ఆలుగడ్డలో కూడా ఆ ఎంజైము ఉంటుందట. అప్పుడు నా వైపు తిరిగి, "చెల్లె, నీ నల్లపొడిని నీళ్లల్ల మరగబెట్టి మళ్ల ఎయ్యి" అంది. వేశాను. పొంగింది. "చూసిన్రా? మేడం పొడిని ఎంత కాచినా దానికేం కాదు. నా కార్జంల ఎంజైము వేడికి తట్టుకోదు. దాని పట్టు చెడిపోతది, ఇగ దేన్ని తిప్పి పెట్టలేదు. అందుకే ఒళ్లు కాలిపోయే జ్వరమొస్తే భయపడాలె" అంది. ఊరంతా దానికి చప్పట్లు కొట్టింది. ఓడిపోయింది ఆవిడ, పాఠమూ ఆవిడదే అయింది. నా గెలుపును కూడా తీసుకుని తన క్లాసులో కలిపేసుకుంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

ఇంటర్‌లో పిల్లను ఎంపీసీలో చేర్పించాలని నా పట్టు. బైపీసీ అంటే గోడ అవతలి సబ్జెక్టు మరి. ఇంట్లో కొన్నాళ్లు మాటల్లేవు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని గడప మీద కూలబడితే, పిల్ల టీ తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, నాకు రక్తం, కణాలు అంటే ఇష్టం. నువ్వు కెమిస్ట్రీ చెప్తే గదీ ఒస్తది" అంది. ఎందుకో కాదనలేకపోయాను. కనీసం ఇదొక్కటి నాకూ దానికీ మధ్యే తేలిందని, గోడ అవతలి చెయ్యి లేదని ఇన్నేళ్లూ మురిసిపోయాను.

అక్క పోయాక బడిలో సంతాపసభ పెట్టారు. ఆవిడ స్థానంలో వచ్చిన కుర్ర టీచరు మైకు పట్టుకుని, "మేడం ఎంజైము లాంటివారు. ఎందరినో మార్చారు, తాను మాత్రం మారలేదు" అన్నాడు. అందరూ తలలూపారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మారలేదట! ఆ మోకాళ్లు చూశాడా? చాక్‌పీసు పొడికి బొంగురుపోయిన ఆ గొంతు విన్నాడా? లేచి మైకు లాక్కున్నాను. "బాబూ, ఎంజైములు కూడా అరిగిపోతాయి. ఒళ్లు మళ్లీ కొత్తవి చేసుకుంటుంది. ఈవిడను ఎక్కడి నుంచి చేసుకొస్తావు?" అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. మైకు ఆ అబ్బాయి చేతిలోనే పెట్టేసి వచ్చి కూర్చున్నాను.

పెద్దకర్మ అయిన సాయంత్రం బావ, అంటే అక్క భర్త, నా కూతురిని పిలిచాడు. వాళ్ల కిటికీలో ఒక బొగ్గుపెళ్ల ఉండేది. క్లాసుకు తెచ్చేవాటిలోది కాదు. అక్క తండ్రి గనిలో చివరిసారి దిగి వచ్చినప్పుడు తెచ్చుకున్నదట. అక్క దాని మీద సుత్తి పడనిచ్చేది కాదు. బావ దాన్ని పాత గుడ్డలో పెట్టి పిల్ల చేతికిచ్చాడు. "మీ పెద్దమ్మ నీకే ఇయ్యమన్నది బిడ్డా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. బావ నా వైపు కూడా చూశాడు, కానీ ఇవ్వడానికి ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

ఇంటికొచ్చి పిల్ల దాన్ని వంటింటి గట్టు మీద పెట్టి, దాని ముందు కూర్చుని మళ్లీ ఏడుపు మొదలుపెట్టింది. నాకిక ఆగలేదు. అడిగేశాను.

"నేను పోతే ఇలాగే ఏడుస్తావా?"

అది తలెత్తి నన్ను చూసింది. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "నువ్వు పోయిన్నాడు నన్ను పట్టుకోనీకి పెద్దమ్మ ఉంటదనుకున్న అమ్మా. ఇప్పుడు ఎవరున్నరు?" అంది.

నేను స్టవ్ వైపు తిరిగి, వెలిగించని బర్నర్‌ను గుడ్డతో తుడిచాను. తుడిచిందే తుడిచాను.

"నాకైతే ఏమీ ఇవ్వలేదు మీ పెద్దమ్మ" అన్నాను చివరికి. నా వయసుకు ఆ మాట ఏం బాగుంటుంది? కానీ వచ్చేసింది.

"ఇయ్యకపోవుడేంది? నన్ను ఇచ్చింది గదా" అంది. అర్థం కాక చూశాను. "బైపీసీ గొడవల నేను నీతోని మాట్లాడనని కూసుంటే, 'మా ఇంట్ల ఉండనీకి రాకు' అని పెద్దమ్మ ఎల్లగొట్టింది. 'పొద్దుగాల బడికి పోయే యాల్ల మీ అమ్మను ఏం అడగకు, బండరాయి లెక్క ఉంటది. సాయంత్రం వచ్చి గడపల కూసున్నప్పుడు చాయ్ ఇయ్యి. జర సేపు ఊకె కూసో. గప్పుడు అడుగు' అన్నది. నేను గట్లనే చేసిన."

అంటే నన్ను కూడా పట్టుకుని తిప్పి పెట్టిందన్నమాట! గోడ అవతల కూర్చుని, నాకు చార ఎటు ఉందో చూసిపెట్టుకుంది. ఆ గడప, ఆ టీ, నేను దాచుకుని మురిసిపోయిన ఆ ఒక్క సాయంత్రం కూడా ఆవిడ చేతి పనే. ఎంత కోపం వచ్చిందో. నా కూతురు నా దగ్గరకు వచ్చి కూర్చున్నది ఆవిడ పంపితేనా అని ఎంత దుఃఖం వచ్చిందో. రెండూ ఒకేసారి వచ్చి, అక్కడే గట్టుకు ఆనుకుని ఏడ్చాను.

పిల్ల కళ్లు తుడుచుకుంది. "రెండు చేద్దామా?" అంది బొగ్గుపెళ్లను చూపించి.

"మీ పెద్దమ్మ దాచుకున్నదాన్ని పగలగొడతావా?"

"నీకు లేకుంట నేనొక్కదాన్ని ఏం చేసుకోను? సుత్తి తే."

తెచ్చాను. నేనే కొట్టాను, ఉన్న కోపమంతా పెట్టి. సుత్తి ఎగిరి నా మణికట్టు జివ్వుమంది. పెళ్ల చెక్కుచెదరలేదు.

"తిప్పి పెట్టమ్మా" అంది నా కూతురు, అచ్చం ఆవిడ గొంతుతో.

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. అది రెండు చేతులతో పెళ్లను పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. వెలుతురు పడ్డచోట సన్నటి మెరిసే గీత కనిపించింది. అక్కడ ఊరికే తట్టాను. విచ్చుకుంది. పెద్ద ముక్క నేను తీసుకున్నాను. అది చూసి పిల్ల నవ్వింది.

బయట అంతా దుమ్ముపట్టి నల్లగా ఉన్న పెళ్ల, లోపల అద్దంలా తళతళలాడుతోంది. వేళ్లు మసైపోతున్నా పట్టుకుని అలాగే చూస్తూ ఉన్నాను. ఈ ముఖం అక్క ఎన్నడూ చూడలేదు. వాళ్ల నాయన కూడా చూడలేదు. మొట్టమొదట చూసింది నేనూ నా కూతురే, గోడ ఇవతల. ఇదొక్కటైనా నాకు ఆవిడకంటే ముందు దక్కిందని కడుపు నిండిపోయింది. ముక్కను అరచేతిలో పెట్టుకుని, పిల్ల పిలుస్తున్నా ఆగకుండా పెరట్లోకి వెళ్లాను. చూపించడానికి గోడ మీదికి చెయ్యెత్తి, "అక్కా" అని పిలిచాను.